పాట విన్నవాళ్లకు మీ గొంతు చేరేలా: సొంతంగా పాటలు చేసుకునేవారికి ఈమెయిల్, ఆడియో పద్ధతి

మీ పాటను వెయ్యిమంది విన్నారని స్ట్రీమింగ్ యాప్ లెక్క చూపిస్తుంది. కానీ వాళ్లలో ఒక్కరికి కూడా కొత్త పాట వచ్చిందని మీరు నేరుగా కబురు పెట్టలేరు. వాళ్ల చిరునామాలు యాప్ దగ్గరే ఉంటాయి, మీ చేతికి రావు. సోషల్ మీడియాలో ఫాలోవర్లు ఉన్నా, మీ పోస్టు ఎవరికి కనిపించాలో అక్కడి అల్గారిథమే తేలుస్తుంది. ఈమెయిల్ జాబితా అలాంటిది కాదు. మెయిల్ పంపే ఒక సర్వీసు నచ్చకపోతే జాబితా మొత్తం దించుకుని ఇంకో సర్వీసుకు తీసుకుపోవచ్చు. అందులో పాటతో పాటు పాట వెనక మీ మాట కూడా వినిపిస్తే, చదివినవాళ్లు తిరిగి రాస్తారు. కింద చెప్పే పనులన్నీ ఆ జవాబు రావడం కోసమే.

1. పంపే చిరునామాను సరిచేసుకోండి

చాలామంది మామూలు జీమెయిల్ చిరునామా నుంచి, అందరినీ బీసీసీలో పెట్టి పంపడంతో మొదలుపెడతారు. ఇరవై మంది ఉన్నంతవరకు నడుస్తుంది. ఆ తర్వాత మూడు చిక్కులు వస్తాయి. ఉచిత జీమెయిల్‌లో రోజుకు 500 మందికి మించి పంపలేరు. జాబితా నుంచి తప్పుకునే దారి చదివేవాళ్లకు ఉండదు కాబట్టి స్పామ్ బటన్ నొక్కుతారు. ఏదో ఒక రోజు తొందరలో బీసీసీ బదులు సీసీలో పెట్టేస్తారు, అప్పుడు అందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి. అది వాళ్ల నమ్మకాన్ని పోగొట్టే తప్పు, వెనక్కి తీసుకోలేరు.

అందుకే సొంత డొమైన్ (ఇంటర్నెట్‌లో మీ పేరుతో ఉండే చిరునామా) ఒకటి కొనండి, మెయిల్‌చింప్, మెయిలర్‌లైట్, బటన్‌డౌన్ లాంటి సర్వీసుల్లో ఒకదానిలో ఖాతా తెరవండి. డొమైన్ ఎందుకంటే, సర్వీసు ద్వారా పంపుతూ 'ఫ్రమ్' దగ్గర జీమెయిల్, యాహూ చిరునామా పెడితే ఆ మెయిల్ తనిఖీలో నిలవదు. జీమెయిల్ పేరుతో వచ్చిన ఉత్తరం జీమెయిల్ సర్వర్ల నుంచి రాలేదని అవతలి సర్వర్‌కు తెలిసిపోతుంది. ఆ పేరు మీ డొమైన్‌ది అయితే, ఈ సర్వీసు నా తరఫున పంపుతోందని మీరే రాసి పెట్టవచ్చు.

ఆ రాతలు మూడు: ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్. సర్వీసు ఇచ్చిన వరుసలను డొమైన్ కొన్నచోట దాని సెట్టింగులుండే డీఎన్‌ఎస్ పేజీలో అతికించడమే పని. ఇక్కడ తరచూ జరిగే తప్పు, ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండు పెట్టడం. ఒక డొమైన్‌కు ఒకటే ఉండాలి, రెండుంటే రెండూ చెల్లవు. ఇప్పటికే ఒకటి ఉంటే కొత్త సర్వీసు వివరాన్ని దానిలోనే కలపండి. డీమార్క్‌ను మొదట 'నన్' పాలసీతో (తనిఖీలో తప్పిన మెయిల్‌ను ఆపమని చెప్పకుండా) పెట్టండి. కొన్ని వారాలు చూసి, అన్నీ సరిగ్గా వెళ్తున్నాయని తేలాక గట్టి చేయవచ్చు.

అయ్యాక మీ జీమెయిల్‌కే ఒక ప్రయోగ మెయిల్ పంపి, కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. మూడింటి పక్కనా 'పాస్' అని ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉంటున్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్ల పైన పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి చేశారు, ఒక్క నొక్కుతో తప్పుకునే సౌకర్యం కూడా ఉండాలన్నారు. మీ జాబితా 200 మందిదే అయినా మూడూ పెట్టుకోండి. అరగంట పని.

మెయిల్ అడుగున పోస్టల్ చిరునామా ఉండాలని సర్వీసు అడుగుతుంది. అమెరికాలో 2003 నాటి క్యాన్‌స్పామ్ చట్టం ప్రకారం అది ఉండి తీరాలి. ఇంటి చిరునామా ఇవ్వకండి, పోస్ట్ బాక్స్ తీసుకోండి.

2. చిరునామాలు అడిగే తీరు

'న్యూస్‌లెటర్‌లో చేరండి' అంటే ఎవరూ చేరరు. ఏం వస్తుందో చెప్పండి: 'నెలకు ఒక ఉత్తరం, అందులో ఇంకెక్కడా లేని ఒక రికార్డింగ్.' ఫారంలో రెండే గడులు ఉంచండి, ఈమెయిల్, ఊరు. పేరు అడగకపోయినా ఫరవాలేదు. ఊరు మాత్రం అడగాలి, అది కచేరీల దగ్గర పనికొస్తుంది.

కచేరీలో క్యూఆర్ కోడ్‌ను చిన్న కార్డు మీద కాకుండా ఏ4 కాగితం నిండా అచ్చు వేయండి. మసక వెలుగులో, నాలుగడుగుల దూరం నుంచి ఫోన్ పట్టుకోవాలి. వేదిక దిగేముందు, ఆఖరి పాటకు ముందే చెప్పండి. ఆఖరి పాట అయ్యాక చెబితే జనం లేచిపోతుంటారు. కాగితం పుస్తకం కూడా పక్కన ఉంచండి, ఒక్కో అక్షరం విడివిడిగా రాయమనండి. ఒకటి అంకో ఎల్ అక్షరమో, సున్నానో ఓ అక్షరమో తేల్చుకోలేని చిరునామాలను ఊహించి ఎక్కించకండి. తప్పు చిరునామాకు వెళ్లిన మెయిల్ తిరిగొస్తుంది, అలాంటివి పోగైతే మీ డొమైన్ పేరు చెడుతుంది.

చేరినవారికి వెంటనే ఒక నిర్ధారణ మెయిల్ వెళ్లి, అందులో లింక్ నొక్కాకే జాబితాలో పడేలా పెట్టండి. కొందరు ఆ లింక్ నొక్కరు, జాబితా కొంత తగ్గుతుంది. అయినా అదే మంచిది. రోబోలు, తప్పుడు చిరునామాలు అక్కడే ఆగిపోతాయి. పైగా వాళ్లే ఒప్పుకున్నారనడానికి రుజువు మిగులుతుంది. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద ఆ రుజువు చూపించాల్సిన బాధ్యత మీదే.

కొన్న జాబితాలు వద్దు. తోటి సంగీతకారుల జాబితా ఎంత ప్రేమగా ఇచ్చినా వద్దు.

3. మొదటి ఉత్తరం తనంతట తానే వెళ్లాలి

చేరిన నిమిషంలో మీ మీద ఉన్న ఆసక్తి, వారం తర్వాత ఉండదు. నిర్ధారణ అయిన వెంటనే వెళ్లేలా ఒక స్వాగత ఉత్తరాన్ని సర్వీసులో అమర్చండి. అందులో మాట ఇచ్చిన రికార్డింగ్, మీరెవరో రెండు వాక్యాలు, ఒక ప్రశ్న. అంతే. ప్రశ్న సులువుగా ఉండాలి: 'నా పాట మొదట ఎక్కడ విన్నారు?' దీనికి ఒక్క మాటలో జవాబు రాయవచ్చు. అలా ఒకసారి జవాబు రాసినవారికి మీ తర్వాతి ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లోనే పడే అవకాశం పెరుగుతుంది. 'నోరిప్లై' అని మొదలయ్యే చిరునామా నుంచి పంపితే ఈ దారి మీరే మూసుకున్నట్టు.

4. ఆడియో చేయడం

అసలు పని ఇక్కడ ఉంది. పూర్తయిన పాటను మెయిల్‌లో మళ్లీ పంపడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. ఇంకెక్కడా దొరకనిది పంపండి. ట్యూన్ మొదటిసారి తట్టినప్పుడు ఫోన్‌లో హమ్ చేసుకున్న ముక్క. మిక్స్‌లోంచి వేరుచేసిన ఒట్టి గొంతు, లేదా ఒట్టి వయొలిన్ ట్రాక్. తీసేసిన చరణం. ఒకే పల్లవి రెండు వేగాల్లో. వీటికి ముందు మీ మాట ఒక ముప్పై సెకన్లు ఉంటే, విన్నవారికి పాట తయారైన గదిలో కూర్చున్నట్టుంటుంది.

నిడివి 60 నుంచి 120 సెకన్లు. 90 సెకన్లకు ఒక కొలత ఇది: మొదటి 8 సెకన్లు సంగీతమే, నమస్కారాలు లేకుండా. 8 నుంచి 40 దాకా మీ మాట, అది కూడా ఒకే విషయం మీద. 40 నుంచి 80 దాకా ఆ ముక్క. చివరి 10 సెకన్లలో ప్రశ్న. రాసుకున్నది చూసి చదివితే చదివినట్టే వినిపిస్తుంది. మూడు పొడి మాటలు కాగితం మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఒక మనిషికి చెబుతున్నట్టు మాట్లాడండి. 'అందరికీ నమస్కారం' అనకండి. వినేది ఎప్పుడూ ఒక్కరే, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని.

గొంతు రికార్డు చేయడానికి ఫోన్ చాలు, గది ముఖ్యం. చప్పట్లు కొట్టి చూడండి. వెనక టంగ్‌మని మోగితే ఆ గది వద్దు. పరుపు, దుప్పట్లు, తెరలు ఉన్న గది మేలు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మైకును నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా ఉంచండి. ఎదురుగా ఉంటే ప, ఫ, భ పలికినప్పుడు గాలి నేరుగా తగిలి 'ధబ్' మంటుంది, తర్వాత దాన్ని తీసేయడం కష్టం. మాట్లాడేముందు ఐదు సెకన్లు మౌనంగా రికార్డు కానివ్వండి. గది హోరును తగ్గించే టూల్‌కు ఆ మౌనమే నమూనా. స్థాయి గట్టిగా పలికినచోట మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. తక్కువైతే పెంచుకోవచ్చు. సున్నా దాటి తల తెగిన ధ్వనిని మాత్రం ఏ టూలూ మునుపటిలా చేయలేదు, మళ్లీ రికార్డు చేసుకోవడమే.

ఎడిటింగ్‌కు ఉచితంగా దొరికే ఆడాసిటీ సరిపోతుంది. గొంతు ట్రాక్‌కు 80 హెర్ట్‌జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది ధ్వనులను తగ్గించేది) వేస్తే బల్ల అదిరిన చప్పుళ్లు పోతాయి. కంప్రెసర్ (గట్టి, మెల్లని చోట్ల తేడాను తగ్గించేది) 3:1 నిష్పత్తిలో, గట్టి చోట్ల 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా. చివరగా 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్' ఎఫెక్ట్‌లో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనానికి కొలత) అని ఇవ్వండి. పాడ్‌కాస్టులకు యాపిల్ సూచించే స్థాయి అదే. అత్యున్నత స్థాయి మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకోండి, ఎంపీ3గా మార్చినప్పుడు శిఖరాలు కొంచెం పైకి లేస్తాయి.

అందరూ తప్పేది ఒకటుంది. మీ గొంతు మైనస్ 16 దగ్గర ఉంది, దాని పక్కన అతికించిన పాట మాస్టరింగ్ అయిపోయి మైనస్ 9 దగ్గర ఉంది. మాట ఆగి పాట మొదలవగానే 7 డెసిబెల్స్ ఎగురుతుంది, ఇయర్‌ఫోన్‌లో వింటున్నవారు ఉలిక్కిపడి తీసేస్తారు. మొత్తం ఫైలును ఒకేసారి నార్మలైజ్ చేస్తే ఈ తేడా పోదు, ఎందుకంటే అది రెండింటినీ కలిపి పైకో కిందికో జరుపుతుందంతే. పాట ముక్కను విడిగా 6, 7 డెసిబెల్స్ తగ్గించి, చెవితో సరిచూసి, ఆ తర్వాతే కలపండి. మాట కింద సంగీతం నడిపిస్తే, మాటకన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ కింద ఉంచండి. పాటలో గొంతు ఉన్న భాగాన్ని మాట కింద పెట్టకండి, రెండు గొంతుల్లో ఏదీ అర్థం కాదు.

పూర్తయ్యాక ఫోన్ స్పీకర్‌లో వినండి. 200 హెర్ట్‌జ్ కిందివి చాలా ఫోన్ స్పీకర్లలో దాదాపు వినిపించవు. మీరు బేస్ గిటార్ నడక గురించి చెబుతుంటే 'ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి' అని ముందే అనాలి, లేకపోతే మీరు దేని గురించి మాట్లాడుతున్నారో వాళ్లకు అర్థం కాదు.

ఫైలు సైజు. మాట ఎక్కువున్నది మోనో ఎంపీ3, 96 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) చాలు. 90 సెకన్లకు సుమారు 1.1 ఎంబీ. సంగీతమే ప్రధానమైతే స్టీరియో, 192 కేబీపీఎస్. పూర్తి పాటను కానుకగా ఇస్తుంటే 320 కేబీపీఎస్, మూడు నిమిషాలకు 7.2 ఎంబీ. ఫైల్‌లోపల ట్యాగులు నింపండి: పాట పేరు, మీ పేరు, బొమ్మ, వ్యాఖ్య గడిలో మీ వెబ్‌సైటు చిరునామా. ఎవరో ఇష్టపడి ఇంకొకరికి పంపాక ఆ ఫైలు ఎవరిదో చెప్పేవి ఇవే. 'ఫైనల్ మిక్స్ 3' అన్న పేరుతో వెళ్లిన ఫైలు అనాథే.

పంపేముందు హక్కులు చూడండి. వేరేవారి పాట పాడితే స్వరకర్త తరఫు అనుమతి కావాలి. బీట్ లైసెన్స్‌కు తీసుకున్నదైతే దాన్ని విడి ట్రాక్‌గా పంచే హక్కు ఆ లైసెన్స్‌లో ఉందో లేదో చదవండి. మీతో వాయించినవారి ఒంటరి ట్రాక్ పంపేముందు వాళ్లను అడగండి. వాయించేటప్పుడు అది మిక్స్‌లో కలిసిపోతుందనుకున్నారు, ఒంటరిగా బయటికెళ్తుందనుకోలేదు.

5. ఆడియోను మెయిల్‌లో ఎలా ఇవ్వాలి

అటాచ్‌మెంట్‌గా వద్దు. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. పైగా మెయిల్‌లోకి ఎక్కేటప్పుడు ఫైలు అక్షరాలుగా మారి మూడో వంతు పెరుగుతుంది. మూడు నిమిషాల సీడీ నాణ్యత వేవ్ ఫైలు 32 ఎంబీ దాకా ఉంటుంది, అది అసలు వెళ్లదు. చిన్న ఎంపీ3 వెళ్లినా, వందలమందికి అటాచ్‌మెంట్‌తో పోయే మెయిల్ మీద స్పామ్ ఫిల్టర్ల కన్ను పడుతుంది.

మెయిల్‌లోపలే ప్లేయర్ పెట్టాలని కూడా అనిపిస్తుంది. యాపిల్ మెయిల్‌లో పనిచేస్తుంది, జీమెయిల్ ఆ కోడ్‌ను తీసేస్తుంది. అందుకని నమ్మకమైన దారి ఇది: ప్లే గుర్తు ఉన్న ఒక బొమ్మ, 600 పిక్సెల్స్ వెడల్పు, 100 కేబీ లోపు. దానికి లింక్. దాని కిందే అదే లింక్ మాటల్లో కూడా, నిడివితో సహా: 'వినండి, 90 సెకన్లు'. బొమ్మలు ఆపేసుకున్నవారికి ఈ మాటల లింకే దిక్కు. నిడివి తెలిస్తే బస్సులో ఉన్నవారు కూడా నొక్కుతారు.

లింక్ ఎక్కడికి వెళ్లాలి? సొంత సైటులో ఒక పేజీ అన్నిటికంటే మంచిది. లేదంటే సౌండ్‌క్లౌడ్‌లో ట్రాక్‌ను ప్రైవేట్‌గా పెట్టి రహస్య లింక్ తీసుకోవచ్చు. పాట కానుకగా ఇవ్వాలంటే బ్యాండ్‌క్యాంప్ డౌన్‌లోడ్ కోడ్లు ఉన్నాయి. గూగుల్ డ్రైవ్ లింక్ ఇస్తే 'లింక్ ఉన్న ఎవరైనా' అని మార్చారో లేదో చూడండి. మార్చకపోతే నొక్కిన ప్రతివారికీ అనుమతి అడగమని వస్తుంది, మీకు వరుసగా అభ్యర్థనలు వస్తాయి, వాళ్లు ఈపాటికి వెళ్లిపోయి ఉంటారు. ఏ లింక్ అయినా లాగిన్ లేని ప్రైవేట్ విండోలో, ఫోన్‌లో నొక్కి చూశాకే పంపండి. ఆల్బమ్‌ను జిప్ ఫైలుగా ఇవ్వకండి. ఫోన్‌లో దాన్ని తెరవడం చాలామందికి తెలియదు.

ఆడియోలో ఏముందో మూడు నాలుగు వరుసల్లో మెయిల్‌లో రాయండి. వినికిడి లేనివారు, ఆఫీసులో చప్పుడు చేయలేనివారు కూడా మీ జాబితాలో ఉంటారు.

6. ఉత్తరం రాయడం

ఒక ఉత్తరానికి ఒక విషయం, ఒక లింక్. పాట, కచేరీ, టీషర్టు, వీడియో అన్నీ కలిపితే ఏదీ నొక్కరు. పంపినవారి పేరు దగ్గర మీ పేరే ఉండాలి. సబ్జెక్ట్‌లో అసలు మాట మొదట్లోనే రావాలి, ఫోన్‌లో తోక తెగిపోతుంది. సబ్జెక్ట్ పక్కన కనిపించే ప్రివ్యూ వరుసను ఖాళీగా వదిలితే 'ఈ మెయిల్‌ను బ్రౌజర్‌లో చూడండి' లాంటిది వచ్చి కూర్చుంటుంది. ఒక నమూనా:

సబ్జెక్ట్: మేం తీసేసిన రెండో చరణం
ప్రివ్యూ: 70 సెకన్లు. విన్నాక మీ మాట కావాలి.

'నమస్తే. కొత్త పాటలో రెండో చరణాన్ని రెండు రకాలుగా రికార్డు చేశాం, ఒకటి గిటార్‌తో, ఒకటి ఒట్టి గొంతుతో. పాటలోకి ఒట్టి గొంతుదే వెళ్లింది. గిటార్‌ది పారేయబుద్ధి కాలేదు, అందుకే మీకు పంపుతున్నాం. మూడో పాదం దగ్గర గిటార్ ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ మీకు ఏమనిపించిందో ఒక్క మాట రాయండి. పాట పద్నాలుగో తేదీన వస్తుంది.'

ఇక్కడ 'మీకు నచ్చిందా?' అని అడగలేదు, చూశారా. దానికి 'నచ్చింది' తప్ప జవాబు లేదు. ఫలానా చోట ఏమనిపించింది అని అడిగితే, వాళ్లు మళ్లీ విని రాస్తారు.

తెలుగులో రాసేవారికి ఒక జాగ్రత్త. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరిస్తుంది. తెలుగు లిపిలో ఒక్కో గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. దీనికి టెంప్లేట్ కోడ్ బరువు తోడైతే పొడవాటి ఉత్తరం త్వరగానే ఆ హద్దు దగ్గరికి పోతుంది. తప్పుకునే లింక్ అడుగునే ఉంటుంది కాబట్టి కత్తిరింపులో అదే పోతుంది, దొరక్క విసిగినవారు స్పామ్ నొక్కుతారు. సాదా టెంప్లేట్ వాడండి. వర్డ్ నుంచి నేరుగా అతికించకండి, అది కనిపించని కోడ్‌ను మోసుకొస్తుంది.

7. ఎప్పుడు, ఎవరికి

నెలకు ఒకటి. మూడు నెలలు మౌనంగా ఉండి ఒక్కసారి పాట కొనమని వస్తే, మీరెవరో మరిచిపోయి ఉంటారు.

పాట విడుదలకు మాత్రం వరుస మారుతుంది. నాలుగు వారాల ముందు తయారీ ముక్క, వారం ముందు పల్లవి, విడుదల రోజున లింక్ ఒక్కటే, పది రోజుల తర్వాత వచ్చిన జవాబుల్లోంచి కొన్ని, రాసినవారి అనుమతితో. ఎవరి జవాబులోని మాట వల్లయినా మీరు పాటలో ఏదైనా మార్చి ఉంటే అది తప్పకుండా చెప్పండి, మార్చిన ముక్కను వినిపించండి.

కచేరీ ఉత్తరాలు ఆ ఊరివారికే. ఫారంలో ఊరు అడిగింది ఇందుకే. ఎక్కడో ఐదొందల కిలోమీటర్ల దూరంలో కచేరీ అని నెలకు మూడుసార్లు చెబితే మంచి శ్రోత కూడా తప్పుకుంటారు.

8. లెక్కలు, శుభ్రత

ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మకండి. 2021లో యాపిల్ మెయిల్‌లో వచ్చిన ప్రైవసీ సౌకర్యం మెయిల్‌లోని బొమ్మలను ముందే దించేస్తుంది. మనిషి చూడకపోయినా 'తెరిచారు' అని పడుతుంది. లింక్ నొక్కినవారు, జవాబు రాసినవారు, ఈ రెండే చూడండి.

స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉండాలని, 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ చెబుతుంది. 300 మంది జాబితాలో ఒక్కరు నొక్కితేనే 0.33 శాతం. అందుకే తప్పుకునే లింక్‌ను బూడిదరంగు చిన్న అక్షరాల్లో దాచకండి, చదవగలిగేంత పెద్దగా పెట్టండి. ఇష్టం లేనివారు హాయిగా వెళ్లిపోవడం మీకే లాభం.

లేని చిరునామాకు వెళ్లి తిరిగొచ్చినవి సర్వీసు తనే తీసేస్తుంది, వాటిని మళ్లీ ఎక్కించకండి. ఏడాదిగా ఏదీ నొక్కనివారికి ఒక చిన్న ఉత్తరం రాయండి: 'ఇంకా పంపమంటారా?' వాళ్లలో కొందరు ప్రతి ఉత్తరాన్నీ చదివి, లింక్ మాత్రం నొక్కనివారు ఉంటారు. వాళ్లు 'అవును' అంటే ఉంచండి. జవాబు లేనివారిని రెండు వారాల తర్వాత తీసేయండి.

వచ్చిన జవాబులకు రెండు రోజుల్లోపు, సొంత మాటల్లో తిరిగి రాయండి. రెండు వాక్యాలైనా సరే. ఎవరు ఏ పాట గురించి ఏమన్నారో సర్వీసులో వాళ్ల పేరు పక్కన నోట్ పెట్టుకుంటే, ఆ ఊరికి కచేరీకి వెళ్లినప్పుడు గుర్తుపట్టి పలకరించవచ్చు.

నెలకోసారి జాబితాను, పట్టికను సాదా అక్షరాల్లో ఉంచే సీఎస్‌వీ ఫైలుగా దించి, మీ కంప్యూటర్‌లో ఒకటి, ఇంకోచోట ఒకటి దాచండి, రెండింటికీ పాస్‌వర్డ్ పెట్టి. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' రకాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగులో ఉన్న పేర్లు, ఊర్లు అన్నీ ప్రశ్న గుర్తులైపోతాయి, వాటిని తిరిగి తెచ్చుకోలేరు.